ఎడమ పక్క ఎర్రగుడ్డ

గుంపులో ఉన్నది ఏదైనా సరే, నా కంటికి ఇట్టే దొరుకుతుంది. నిమ్మకాయల కుప్ప ముందు కూర్చుంటే మచ్చకాయలు వాటంతట అవే చేతికొస్తాయి. చర్చి వదలగానే గుమ్మం దగ్గర చెప్పుల గుట్టలోంచి మా ఇంటివి ముందుగా లాగేదీ నేనే. "నీ కళ్ళు కప్పి చీమ కూడా పోలేదే" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నేను దాన్ని మెప్పు కిందే తీసుకునేదాన్ని.

మాది చిల్లకూరు దగ్గర పల్లె. కొంచెం నిమ్మతోట, ఒక ట్రాలీ ఆటో ఉన్నాయి. చుట్టుపక్కల తోటల బస్తాలు వేసుకుని మా ఆయన హైవే మీదుగా గూడూరు మార్కెట్టుకు తోలేవాడు. పోయిన ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయ వల్ల వేళకు ఆసుపత్రికి చేర్చాం. మాట పోలేదు, ఎడమ చెయ్యి కొన్ని వారాలకు స్వాధీనంలోకి వచ్చింది. చూడవచ్చిన వాళ్ళంతా గండం గడిచిందన్నారు. ఆయన వెంటనే ఆటో తాళం అడిగాడు.

నేను ఇవ్వలేదు. నా అనుమానమంతా అన్నం కంచం దగ్గర మొదలైంది. కుడి పక్క కూర ఖాళీ చేసేవాడు, ఎడమ పక్క పచ్చడి ముట్టేవాడు కాదు. పైగా పచ్చడి వెయ్యలేదని నా మీద కేకలు. ఒకరోజు ఆయన ఎడమ వైపు ఒక నిమ్మకాయ పట్టుకుని చూపించాను. చూశాడు. అటొకటి ఇటొకటి, రెండు చూపించాను. కుడి వైపుది ఒక్కటే ఉందన్నాడు. దాన్ని దించేస్తే ఎడమది మళ్ళీ కనిపించింది. మర్నాడే ఆయన్ను నెల్లూరు తీసుకుపోయాను.

అక్కడ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి చెప్పింది. "కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. మన ముందు ఎప్పుడూ బోలెడు వస్తువులుంటాయి, నన్ను చూడంటే నన్ను చూడని పోటీ పడుతుంటాయి. దేన్ని చూడాలో తేల్చేది మెదడు. ఈయనకు దెబ్బ తగిలింది అక్కడే. కుడి పక్క ఏదైనా ఉంటే చాలు, ఎడమ పక్కది ఓడిపోతోంది." ఆటో మాటెత్తగానే వద్దేవద్దంది.

ఇంటికి రాగానే మొదలుపెట్టాడు.

"ఆమెకేం తెలుసు? నాకన్నీ కనపడతానే ఉండాయి. తాళం ఇస్తావా, ఇయ్యవా?"

"ఇయ్యను."

"బండి తోలకుండా ఇంట్లో కూసోబెట్టి నన్ను చంపేస్తావా ఏంది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అరవడంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు గానీ, ఆ రోజు అరవలేదు. చేట నిండా నిమ్మకాయలు పోసి ఆయన ముందు పెట్టాను.

"మచ్చకాయలు ఏరయ్యా."

చకచకా ఏరాడు. "అయిపోయింది" అన్నాడు ధీమాగా. నేను చేటను అటు పక్క ఇటు వచ్చేలా తిప్పాను. మచ్చకాయలు బోలెడు బయటపడ్డాయి.

"ఇప్పుడేసినావా?" అని గద్దించాడు.

నా ఖాళీ చేతులు చూపించాను. ఈసారి చేటను ఆయనే తిప్పాడు. కాయలు మాయమయ్యాయి. మళ్ళీ తిప్పాడు. వచ్చాయి. చేటను మెల్లగా పక్కకు జరిపాడు.

"రోడ్డు మీద నా ఎడమ పక్క ఎవురన్నా పోతా ఉంటే..." అన్నాడు. ఆ తర్వాత తాళం అడగలేదు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

డాక్టరమ్మ చెప్పినట్టు చేటకు ఎడమ అంచున ఒక ఎర్రగుడ్డ పేలిక కట్టాను. అది కనిపించేదాకా తల తిప్పాలి, అక్కడి నుంచే ఏరడం మొదలుపెట్టాలి. కంచం పక్కన ఒకటి, మంచం పక్కన ఒకటి పెట్టాను. మొదట్లో విసుక్కున్నాడు, పోనుపోను అలవాటు పడ్డాడు. ఈలోగా నేను ఆటో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. ఆడది ట్రాలీ ఆటో తోలేదేందని కొందరు నవ్వారు. ఆ నవ్వినవాళ్ళ బస్తాలు కూడా ఇప్పుడు నేనే తోలుతున్నాను. మా ఆయన నా ఎడమ పక్కన కూర్చుని వస్తాడు.

మొన్న గూడూరులో మార్కెట్టు వైపు ఎడమకు తిప్పుతున్నాను. కుడి పక్క నుంచి లారీ ఒకటి హారన్ కొడుతూ మీదికి వస్తోంది. నా చూపంతా దాని మీదే ఉంది.

"ఎడమ పక్క సైకిలు! ఆపు!" అని అరిచాడు మా ఆయన.

బ్రేకు తొక్కాను. స్కూలు బ్యాగుతో ఒక ఆడపిల్ల మా బండికి ఆనుకున్నట్టే దాటిపోయింది.

నేను ఆ పిల్లను చూడలేదు. ఏ దెబ్బా తగలని నా మెదడు, పట్టపగలు, లారీని చూస్తూ సైకిలును వదిలేసింది. ఆయనేమో అలవాటు కొద్దీ ముందు ఎడమ పక్కకు చూశాడు. అటు లారీ, ఇటు సైకిలు, రెండూ ఒక్కసారే ఆయనకు కనిపించాయి. ఒకపక్క భయం, మరోపక్క పట్టలేనంత సంతోషం. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నా కదల్లేకపోయాను.

"ఏమే, నీకూ ఒక ఎర్రగుడ్డ కట్టమంటావా?" అన్నాడు.

"కట్టు" అన్నాను, ఏడుస్తూ నవ్వుతూ.

ఆ సాయంత్రమే ఆటో అద్దానికి ఎడమ పక్కన కట్టాడు. ముడి ఎడమ చేత్తోనే వేశాడు.