యాభై రెండు సెకన్లు

చెన్నకేశవులు కంపెనీవాళ్ల దగ్గర కంప్యూటరు లంచంగా పుచ్చుకున్నాడని నమ్మేవాళ్లు ఢిల్లీ తెలుగువాళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల నోళ్లు మూయించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మూయించాల్సిన రోజున నా నోరే మూసుకున్నాను. ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నది కాదని ఇక్కడే తెలిసిపోతుంది.

నా పేరు భీమేశ్వరరావు, మాది ద్రాక్షారామం పక్కన. కేశవులుది కడప జిల్లా ప్రొద్దుటూరు. ఇద్దరం కేంద్ర ప్రభుత్వంలో ఒకే ఆఫీసు, ఒకే కొనుగోళ్ల సెక్షను. సరోజినీ నగర్ క్వార్టర్లలో వాళ్లది రెండో అంతస్తు, మాది కింద. అతను గుమాస్తా, నేను అతనికి ఒక మెట్టు పైన. అయినా ఆ సెక్షనులో పని తెలిసినవాడు అతనే. నేను సంతకాలు పెట్టేవాణ్ణి.

అతని పని కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచెయ్యడం. ఆఫీసుకి కుర్చీలు కావాలన్నా, కాగితం కావాలన్నా నలుగురు వ్యాపారులు ధరలు పంపిస్తారు. ఎవరి వస్తువు ఎలాంటిది, ఎంతకిస్తారు అన్నది పక్కపక్కన గళ్లు గీసి చూపించే కాగితం అది. కేశవులు దాన్ని స్కేలు పెట్టి గీసేవాడు. ఆ జబ్బు ఇంటిదాకా వచ్చింది. మార్కెట్లో భార్య చీర కొనుక్కుందామంటే నాలుగు కొట్లు తిప్పి, మళ్లీ మొదటి కొట్టుకే తీసుకొచ్చేవాడు. ఉమారాణి గారు ఆయనెవరో తెలియనట్టు పదడుగులు ముందు నడిచేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

ఆ కాగితం అడుగున ఎడమవైపు తయారుచేసినవారు, కుడివైపు సరిచూసినవారు అని రెండు సంతకాలకి చోటుంటుంది. ఒక్క సంతకమే ఉంటే దాన్ని అతను చిత్తుకాగితం కింద లెక్కగట్టేవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

2002 ఎండాకాలంలో మా ఆఫీసు నలభై కంప్యూటర్లు కొనాలనుకుంది. చివరికి రెండు రకాలు మిగిలాయి. రెండూ చవక రకం ప్రాసెసర్లవే. ఒకదాన్లో సెలెరాన్, వేగం 1.7 గిగాహెర్ట్జ్. రెండోదాన్లో డ్యూరాన్, 1.3. మిగతా సామానంతా ఒకటే. డ్యూరాన్ పెట్టె నాలుగొందలు తక్కువ. మాలాంటి వాళ్లకి అందులో ఆలోచించడానికేముంది? ఒకటి పాయింట్ ఏడు పెద్దదా, ఒకటి పాయింట్ మూడు పెద్దదా? నాలుగొందలు ఎక్కువైతే అయింది, పెద్దదే తీసుకుందామన్నాను. నెహ్రూ ప్లేసులో కంప్యూటర్లు కొనేవాళ్లందరూ ఆ అంకె చూసే కొంటున్నారు కూడా.

కేశవులు ఒప్పుకోలేదు. మా ఆఫీసులో ఇద్దరు ప్యూన్లుండేవాళ్లు. ఒకడు పరుగెత్తుతున్నట్టే నడుస్తాడు, ఒక్కో ఫైలే తెస్తాడు. రెండోవాడు నెమ్మది, కానీ చంకలో నాలుగు ఫైళ్లతో వస్తాడు. వాళ్లిద్దర్నీ చూపించి చెప్పాడు.

"రావన్నా, ఆ నంబరు చూసి మోసపోవద్దు. ఎన్నిసార్లు తిరిగినాడని కాదు, తిరిగినప్పుడల్లా ఎంత తెచ్చినాడో చూడల్ల. పెట్టి చూస్తే తెలిసిపోతాది."

పెట్టి చూడ్డానికి ఆఫీసు కుదర్లేదు. కరెంటు వచ్చిపోతూ ఉంది, పైగా ఇద్దరు వ్యాపారుల మనుషులూ భుజాల మీదకి వంగి చూస్తూ మాది మేలంటే మాది మేలని వాదన. కేశవులు మా అధికారిని అడిగాడు, రెండు నమూనాలూ ఇంటికి తీసుకెళ్లి ఆదివారం ప్రశాంతంగా పరీక్షిస్తానని. ఆయన తలెత్తకుండా ఠీక్ హై అన్నాడు. అది కాగితం మీద పెట్టించుకోలేదు. ఇరవై మూడేళ్లు ప్రతి ముక్కా కాగితం మీద పెట్టించుకున్న మనిషి, ఆ ఒక్కటీ వదిలేశాడు. మంచిపనికి కూడా అనుమతి కాగితం ఉండాలని అతనికి తట్టలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేనూ వెళ్లాను. కూలరు హోరు, గదిలో మామిడిపండ్ల వాసన. రెండు పెట్టెలూ దివాన్ మీద పక్కపక్కన. మా ఆఫీసు జీపీఎఫ్ లెక్కల ఫైలు, పద్దెనిమిది వందల మంది ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్‌ది, రెండింట్లోనూ వేశాడు. ఫైలు తెరవాలి, పేర్ల వరసలో పేర్చాలి, మొత్తాలన్నీ మళ్లీ కట్టించాలి. నా చేతి గడియారంలో సెకన్ల ముల్లు చూసి నేను మొదలు, ఆఖరు చెప్పాలి. ఒక్కోదానికీ మూడేసి సార్లు. సెలెరాన్‌కి సగటున అరవై ఎనిమిది సెకన్లు పట్టింది. డ్యూరాన్‌కి యాభై రెండు. నా లెక్కే తప్పేమోనని నేనే ఇంకోసారి చేయించాను. మళ్లీ యాభై రెండే.

అతను అప్పటికప్పుడు కాగితం గీసి, ఎడమవైపు సంతకం చేసి నా ముందు పెట్టాడు. నా చేతులకి మామిడి రసం. రేపు ఆఫీసులో పెడతాలే అన్నాను. సోమవారం పొద్దున్నే అధికారి ఫైలు తెమ్మని తొందరపెట్టాడు, అది అలాగే వెళ్లిపోయింది. కుడివైపు ఖాళీ. నలభై డ్యూరాన్ పెట్టెలూ వచ్చేశాయి, పని బ్రహ్మాండంగా సాగింది, నా సంతకం సంగతి నేను మర్చిపోయాను. కేశవులు మాత్రం రెండుసార్లు గుర్తుచేశాడు.

సెలెరాన్ నమూనాని దాని వ్యాపారి ఆ వారంలోనే తీసుకుపోయాడు. రెండోవాడు మాత్రం ఇవాళ, రేపు అంటూ నాలుగు నెలలు రాలేదు. కేశవులు ఫోన్లు చేశాడు, ఉత్తరం రాయలేదు. ఆ పెట్టె మీద పాత దుప్పటి కప్పి మూల పెట్టాడు. వాళ్లమ్మాయి శ్రీవల్లి అప్పుడు పదకొండో తరగతి. పాపా, ప్లీజ్, సిర్ఫ్ ఏక్ బార్ అని ఆ పిల్ల, ఒక్కసారి ముట్టుకోనిమ్మని తండ్రిని నా ముందే ఎన్నిసార్లు బతిమాలిందో. పరాయివాళ్ల సొత్తు, ముట్టుకోవద్దు అనేవాడు. ఆ పిల్ల కంప్యూటర్ హోంవర్కు రూపాయలిచ్చి సైబర్ కేఫ్‌లో చేసుకునేది. ఇదంతా నేను కళ్లారా చూశాను.

ఓడిపోయినవాడో, వాడి తరఫు మనిషో, పేరు లేని ఉత్తరం ఒకటి పడేశాడు. నాలుగొందలకి కక్కుర్తిపడి తక్కువ వేగం మిషన్లు కొన్నారు, గుమాస్తా ఇంట్లో ఒకటి ఊరికే పెట్టించుకున్నాడు అని. విజిలెన్స్‌వాళ్లు వచ్చి దుప్పటి తీశారు. పెట్టె ఉంది. ఇక చెప్పేదేముంది?

విచారణ జరిగింది. ఠీక్ హై అన్న అధికారికి ఏమీ గుర్తులేదు. పరీక్ష చేశానని కేశవులు కాగితం చూపిస్తే, రెండో సంతకం లేదు కాబట్టి ఇది నీకు నువ్వు రాసుకున్నదే అన్నారు. అప్పుడు నన్ను సాక్షిగా పిలిచారు. సెప్టెంబరులో ఆ యంత్రం అతని ఇంట్లో చూశారా అని విచారణాధికారి అడిగాడు. చూశానన్నాను. ఇంకేమైనా చెప్పదలుచుకున్నారా అన్నాడు.

కేశవులు ఎదురుగా కూచున్నాడు. నా వైపే చూస్తున్నాడు. గడియారం పట్టుకున్నది నేనే, ఆ పిల్లని ముట్టనివ్వలేదు సార్ అని రెండు వాక్యాలు చెబితే చాలు. ఆ నెలలోనే సెక్షన్ ఆఫీసర్ ప్రమోషన్ల జాబితా రావాలి, అందులో నా పేరుంది. నువ్వూ ఆ ఇంట్లో ఉన్నావా, అయితే నీకెంత ముట్టింది అంటారేమోనని భయం. లేదు సార్ అన్నాను. సిగ్గులేని మనిషిని. ఆ రెండు ముక్కలూ నా నోటి నుంచి ఎంత సునాయాసంగా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

2004లో ఉత్తర్వు వచ్చింది. నిర్బంధ పదవీ విరమణ. అతన్ని కుంగదీసింది ఉద్యోగం పోవడం కాదు, ఆ ఉత్తర్వులో ఉన్న మాట. నిజాయితీ సందేహాస్పదం అని రాశారు. ఆ ఒక్క మాట కొట్టేయించాలి, అంతే, నాకింకేం వద్దు అనేవాడట. క్వార్టరు ఖాళీ చేసి వైశాలిలో రెండు గదుల అద్దె ఇంటికి మారిపోయారు. సామాను లారీకి ఎక్కిస్తుంటే నేను కిటికీ పరదా వెనకాల నిలబడి చూశాను. అప్పటికి నేను సెక్షన్ ఆఫీసర్ని.

ఐదేళ్లు అటువైపు వెళ్లలేదు. 2009 మార్చిలో ఆ నలభై పెట్టెలూ పాతబడ్డాయని, కండెమ్ చేసి, అంటే లెక్కల్లోంచి తీసేసి, వేలం వెయ్యమని ఆదేశం వచ్చింది. ఆ పని నాకే పడింది. మీట నొక్కి చూస్తే నలభైలో ముప్ఫై ఆరు నడుస్తున్నాయి. ఏం బుద్ధి పుట్టిందో, ఓ శనివారం పై అంతస్తులో వేరే సెక్షను అదే ఏడాది కొన్న సెలెరాన్ 1.7 ఒకటి అడిగి కిందికి తెప్పించాను. పాత జీపీఎఫ్ ఫైలు రెండింట్లోనూ వేశాను. అదే గడియారం. సెలెరాన్ డెబ్బై, అరవై ఎనిమిది, అరవై తొమ్మిది. డ్యూరాన్ యాభై నాలుగు, యాభై మూడు, యాభై రెండు. కేశవులు గీసినట్టే గళ్లు గీసి అంకెలు రాశాను. మర్నాడు ఆనంద్ విహార్ దాకా బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో, వైశాలి.

ఉమారాణి గారు తలుపు తీసి లోపలికెళ్లిపోయారు. కేశవులు సగమయ్యాడు. నన్ను చూసి తిట్టలేదు, రా అన్నా కూచో అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు తుడుచుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివాడు. ముఖం వెలిగింది. అప్పుడు వేలు అడుగుకి జారింది.

"సంతకం పెట్టలేదే అన్నా?"

కొత్త సాక్ష్యం దొరికితే ఎన్నేళ్లకైనా రాష్ట్రపతి పేరున విన్నపం పెట్టుకోవచ్చని అతనికి రూలు నంబరుతో సహా తెలుసు. నా సంతకంతో ఈ కాగితం, ఆనాటి పరీక్షలో నేనున్నానని ఒక వాంగ్మూలం, అంతే కావాలి. జేబులో పెన్నుంది. ఆగస్టు ముప్ఫై ఒకటిన నా రిటైర్మెంటు. చివర్లో ఇరుక్కుంటే నా పెన్షన్ ఆపుతారు. సెప్టెంబరు ఒకటో తారీకున నేనే వచ్చి పెడతానన్నాను. అతను కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు. ఏడేళ్లు ఆగినాం, ఆర్నెల్లు ఎంత అన్నాడు.

మాట తప్పలేదు. సెప్టెంబరు ఒకటిన సంతకం పెట్టి, వాంగ్మూలం నోటరీ చేయించి తీసుకెళ్లాను. విన్నపం అతనే టైపు చేశాడు. ఆ నెలలోనే పంపించాడు. మూడు నెలల్లో జవాబొచ్చింది, కాదనడానికి సర్కారుకి ఎక్కువ కాలం పట్టదు. కేశవులు ఫోన్ చేసి రమ్మన్నాడు. డిసెంబరు చలి, గదిలో హీటరు కూడా లేదు. ఉత్తరం నా చేతికిచ్చి చదవమన్నాడు.

సదరు యంత్రాలు వేలంలో అమ్ముడైపోయినందున పరీక్షను ఇప్పుడు సరిచూడటం సాధ్యం కాదు. అంతేకాక, సదరు నలభై యంత్రాలూ పనికిరానివని 2009 మే నెలలో ధ్రువీకరించినవారు శ్రీ భీమేశ్వరరావే. అవే యంత్రాలు బాగా పనిచేశాయని ఆయన ఇప్పుడు చెప్పడం పరస్పర విరుద్ధం. సాక్ష్యం నమ్మదగినది కాదు. విన్నపం తిరస్కరించడమైనది.

మే నెల. ఆ కండెమ్ పత్రంలో పనికిరానిది అని రాస్తే తప్ప వేలం వెయ్యనివ్వరు. మా ఆఫీసుల్లో పుట్టినప్పటి నుంచీ అంతే, బాగున్న కుర్చీనైనా పనికిరానిదని రాసే అమ్ముతాం. నలభై వరసలు, నలభై చోట్ల పనికిరానిది, అడుగున నా సంతకం. కేశవులు కోసం గీసిన కాగితం మీద పెట్టడానికి ఆర్నెల్లు ఆగినవాణ్ణి, ఈ పత్రం మీద టీ తాగుతూ పెట్టేశాను. అందులో ముప్ఫై ఆరు నడుస్తున్నాయని నాకు తెలిసి ఉండి కూడా, ఆ క్షణంలో కేశవులు నాకు గుర్తు రాలేదు. ఇంతకన్నా నిజం నేను చెప్పలేను.

ఉమారాణి గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. కేశవులు ఉత్తరం తీసుకుని, మడిచి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

"అన్నా, నువ్వు సంతకం పెట్టిన పొద్దు అవి నడుస్తా ఉన్నాయా?"

"నడుస్తున్నాయి కేశవులూ. ముప్ఫై ఆరు."

"మార్చిలో మూడోసారి పెట్టినప్పుడు ఎంత పట్టింది?"

"యాభై రెండు."

అతను తలుపు వైపు తిరిగాడు.

"ఇన్నావా, యాభై రెండంట," అన్నాడు భార్యతో.

ఆమె వింటూనే ఉన్నారు. అన్నకి టీ పెట్టు అన్నాడు. ఆమె కదల్లేదు.