మా అమ్మ అరుగు మీద ఆదివారపు బడి

ఇవాళ మనవరాలు తన కూతురి తలకి ఆముదం రాస్తుంటే, ఆ వాసనకి రాజుపాలెంలో మా ఇంటి అరుగు గుర్తొచ్చింది. స్వతంత్రం రాకముందు పుట్టిన నా ఈడువాళ్ళారా, జిడ్డు తలలతో సండే స్కూలుకి పరిగెత్తిన రోజులు మీకూ గుర్తున్నాయా?

మా ఊళ్ళో ఆ బడి పెట్టింది మా అమ్మే. మొదట్లో నేనూ, పక్కింటి పిల్లలూ, అంతే. అమ్మ పెద్ద పనులేమీ చేయలేదు. వచ్చిన ప్రతి పిల్లకీ తల దువ్వేది, తను కట్టిన పాట నేర్పేది, ఒక కథ చెప్పేది. జొరమొచ్చినా ఆదివారం మానేది కాదు. మిరపకోతలు అయ్యేసరికి అరుగు చాలక పిల్లలు వాకిట్లో కూర్చున్నారు.

నాకు మాత్రం చానా కడుపుమంటగా ఉండేది. తల్లి లేని రూతు వచ్చాక మరీను. అమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఒక ఆదివారం, అమ్మే వచ్చి పిలుస్తుందిలే అని అలిగి లోపల పడుకున్నా. బయట పాట ఆగలేదు. చివరికి రూతు వచ్చింది.

"అక్కా, అమ్మ పిలుస్తోంది."

"నీకు అమ్మేందే? అత్తా అను!"

"సరే అక్కా," అని బయటికెళ్ళి, "అమ్మా, అక్క రాదంట!" అని కేకేసింది.

పెళ్ళై నేను నరసరావుపేట వచ్చేశాక, అమ్మ ఆ బడిని రూతుకే అప్పజెప్పింది. ఇప్పుడు రూతు మనవరాలు నడుపుతోంది. మొన్న క్రిస్మస్‌కి వెళ్తే, ఆ పిల్లలు మా అమ్మ పాటలన్నీ తప్పు లేకుండా పాడారు. నా పిల్లలకి ఒక్కటీ రాదు. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే నా చేతులు మాత్రం లేవలేదు. మా అమ్మ గొంతు రూతు వాళ్ళింట్లో ఉండిపోయింది.