పాంపే చూసొచ్చిన మా పోలయ్య పెదనాన్న

నిన్న పొద్దున కావలి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెదనాన్న పోయినాడు."

"ఏ పెదనాన్న?" అని అడిగాను.

మాకున్నది ఒక్కడే పెదనాన్న.

మొన్న వీడియో కాల్‌లో నా తెల్లజుట్టు చూసి నవ్విన మనిషి. నమ్మబుద్ధి కావడం లేదు. రైల్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

పోలయ్య పెదనాన్న కావలి దగ్గర సముద్రపు ఒడ్డునున్న మా పాళెం నుంచి విదేశాలు చూసిన మొదటి మనిషి. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పంతొమ్మిది వందల అరవైల్లో మద్రాసు హార్బర్‌లో కార్గో షిప్ ఎక్కాడు.

షిప్ ఏ రేవులో ఆగినా తోటివాళ్ళు బజారుకు వెళ్తే ఈయన పాత కోటలు, కూలిన గుళ్ళు చూడ్డానికి వెళ్ళేవాడు. ఎవరూ చెప్పలేదు. అదొక ఇష్టం, అంతే.

ఒకసారి ఇటలీలో ఆగినప్పుడు, షిప్‌లోనే పనిచేసే కావలి ఖాదర్ గారితో కలిసి పాంపే వెళ్ళాడు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం బూడిదలో మునిగిపోయిన రోమన్ల ఊరు.

రాతి వీధుల్లో బండి చక్రాలు తొలిచిన గాడుల్ని చేత్తో తడిమాడట. రొట్టెలు కాల్చే పొయ్యిలో తలపెట్టి చూశాడట.

ఆ తర్వాత ఆ ఊరి మనుషుల్ని చూశాడు. బూడిదలో శరీరాలు పోగా మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి తీసిన రూపాలు. కొందరికి పారిపోయే టైమ్ ఉన్నా, సామాన్లు సర్దుకుంటూ ఆగిపోయారని గైడ్ చెప్పాడట.

పెదనాన్న నేలమీద కూర్చుండిపోయాడు.

"లెయ్యన్నా, షిప్పుకి టైమవతా ఉండాది" అన్నారట ఖాదర్ గారు.

"ఉండబ్బయా. మనోళ్ళ మాదిరే ఉండారు."

తర్వాత ఆయన సెలవులో ఇంటికొచ్చినప్పుడు తుఫాను పట్టింది. అప్పుడు నాకు ఆరేడేళ్ళు. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి కావలికి బయల్దేరమన్నాడు. ఎవరూ కదల్లేదు.

"వలలు ఇడిచిపెట్టి యాడికి పోతాం? ఇట్టాంటి గాలులు శానా చూసినాం" అన్నారు పెద్దలు. మా అవ్వ ఇత్తడి బిందెలు మూటగడుతూ కూర్చుంది.

తల్లి మీద ఏనాడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు అరిచాడు.

"అమ్మా, మూటలు కట్టుకుంటా ఉండిపోయినోళ్ళని నా కళ్ళతో చూసినా. వాళ్ళింకా ఆడనే ఉండారు. లెయ్ నువ్వు!"

బిందె లాగేసి ఆమెను వీపున ఎక్కించుకున్నాడు. అవ్వ వీధి పొడుగునా తిడుతూనే ఉంది. ఆ తిట్లకు జనం నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ వెనక నడిచారు.

సాయంత్రానికి సముద్రం మా పాళెంలోకి వచ్చింది. అప్పటికే మేం కావలిలో, ఖాదర్ గారి వీధిలో, ఎవరెవరి ఇళ్ళల్లోనో వేడి గంజి తాగుతున్నాం.

తిరిగొచ్చేసరికి ఇళ్ళు లేవు. వలలు లేవు.

మనుషులం మాత్రం అందరం ఉన్నాం.

ఎవరైనా పొగిడితే పెదనాన్న ఒకటే మాట అనేవాడు. "నాదేముండాదమ్మా. ఆ పాంపే ఊరోళ్ళు చెప్పినారు, నేను ఇన్నా."

ఈ రోజు అలల్లేవు, సముద్రం నిమ్మళంగా ఉందని తమ్ముడు చెప్పాడు.

నీకూ అంత నిమ్మళం దొరకాలి. పోయిరా, పెదనాన్నా.