ఒంటి గీత గీయని బాబాయి

గీతల బాబాయికి ఒంటి గీత అంటే పడదు. ఆసుపత్రిలో లెక్కలు చూసే ఆ పెద్దమనిషి, ఏ ఒక్క వార్డు లెక్క గీయమన్నా పది వార్డులవీ కంప్యూటర్లో ఒకే బొమ్మలో పడేస్తాడు. ఏ నెల ఎంతమంది పోయారో చెప్పే ఆ కాగితం, పిల్లి ఆడుకుని వదిలేసిన నూలుండలా ఉంటుంది.

ఐదో వార్డు సిస్టరుకు ఆ నూలుండను చూస్తేనే ఒళ్లు మంట.

“బాబాయ్, ఇందులో నా వార్డు గీత ఏదో తెలిసి చావడం లేదు.”

“అదిగో, ఆ పాలిపోయిన పసుపు.”

“అదొక్కటే గీసివ్వలేరా?”

“ఈ సాఫ్ట్‌వేరుకు రాదమ్మా.”

ఇంట్లోనూ అదే వరస. తన బీపీ, భార్య బీపీ, కరెంటు బిల్లు కలిపి ఒకే బొమ్మగా గీసి వంటింటి తలుపుకు అంటించాడు. “నా బీపీ పక్కన కరెంటు బిల్లెందుకండీ?” అని ఆవిడ నెత్తి కొట్టుకుంది.

“మూడూ ఎండలకే ఎక్కుతున్నాయి. నీ తప్పేం లేదే.”

ఆ ఏడు ఎండల్లో ఐదో వార్డులో రోగులు వరసగా పోయారు. వాళ్ల కళ్లు మూసీ మూసీ సిస్టరుకు అన్నం సయించడం మానేసింది. పోయినవాళ్ల తాలూకు మనుషులు ఎదురైతే తలెత్తలేకపోయేది. చివరికి సూపరింటెండెంటు పిలిపించాడు. బల్లమీద ఐదో వార్డు గీత ఒక్కటే ఉంది, ఆయన స్వయంగా కంప్యూటర్లో గీసుకున్నది. కాగితం నిండా నిలువునా లేచి ఉంది.

“ఇది నీ నిర్వాకం కాక మరేమిటి? రేపటినుంచి రానక్కర్లేదు. పోలీసులతో మాట్లాడుకో.”

నిజంగానే తన చేతిలో ఏదో విషం ఉందేమోనని ఆమెకు భయమేసింది.

అంతలో గీతల బాబాయి పిలవని పేరంటంగా లోపలికొచ్చి, ఆ కాగితం మీద తన నూలుండ పరిచాడు.

“ఒంటిగా గీస్తే ప్రతి గీతా దోషిలాగే కనిపిస్తుంది సార్. పదీ కలిపి చూడండి.”

పది గీతలూ ఒకే నెలలో లేచాయి.

“పది వార్డుల్లోనూ ఈ అమ్మాయే పనిచేసిందా? పదింటికీ ఒక్కచోటినుంచి వెళ్లేదేముంది? పోయిన నెలా ఇదే పంపాను. ఎవరూ విప్పి చూడలేదు.”

సూపరింటెండెంటే ఆ నెల మీద వేలు పెట్టి గొణిగాడు. “నీళ్లు.”

మర్నాడు మేడమీది ట్యాంకు మూత తీసి చూసినవాళ్లు ఆ పూట అన్నం ముట్టలేదు.

సిస్టరు కళ్లు తుడుచుకుంటూ బాబాయి గదికి వెళ్లింది.

“ఒంటి గీత సాఫ్ట్‌వేరుకు రాదన్నారు. సూపరింటెండెంటుగారికి ఎలా వచ్చింది?”

“ఒక్క నొక్కు చాలమ్మా.”

“మరి నాతో అబద్ధమెందుకు?”

“ఆ ఒక్కటీ చేతికిస్తే, ఇంటికి తీసుకెళ్లి ముందు పెట్టుకుని ఏడుస్తావు. నాకు తెలీదా?”

తర్వాతి నెల కాగితంలో ఎప్పటిలాగే పది గీతలూ ఉన్నాయి. ఐదో వార్డుది మాత్రం వేలంత లావున, ఎర్రగా ఉంది.

“ఇంత లావా బాబాయ్! అందరూ నన్నే చూస్తారు.”

“చూడనీ. దిగుతోందిగా.”