మూడో పిలుపు

ఈ రోజు పాతబస్తీ కోర్టు భవనాలు చూపించే గైడు వెంట ఓ గుంపుతో కలిసి నడిచాను. ఆయన వరండాలో కమానుల గొప్పతనం చెబుతుంటే నా చెవులు కోర్టు హాలు గుమ్మం వైపే ఉన్నాయి. మా ఇంటి కేసుకు పదకొండేళ్లు అక్కడే తిరిగాను మరి.

బంట్రోతు "మల్లయ్యా" అని రెండుసార్లు కేకేశాడు. మూడోసారీ పలకకపోతే కేసు కొట్టేస్తారు. మా గుంపులో ఎవరో ముసలాయన, చంకలో ఫైలుతో, గైడు మాటలు శ్రద్ధగా వింటున్నాడు.

"బాపూ, నీ పేరేంది?"

"మల్లయ్య. గీ వకీల్‌సాబ్ నా కేసు గురించే చెప్తున్నరు కదా బిడ్డా?"

"ఆయన వకీలు కాదు! నిన్ను లోపల పిలుస్తున్నరు, ఉరుకు!"

మూడో పిలుపుకు "హాజర్ సాబ్" అని అరిచింది నేనే.

ఆయన కేసు వాయిదా పడింది. నా గుండెదడ మాత్రం ఇంకా తగ్గలేదు. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు చెప్పండి, ఇది ఎన్నేళ్లకు పోతుంది?