బారు మీది రబ్బరు ముక్క

ఆ రోజుల్లో అల్లుడికి తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా, అత్తవారి ఊరి పొలిమేర లోపల ఉండేది కాదు. టెక్కలిలో నేను పదిమందిలో ఒకణ్ణి. సర్వే విభాగంలో గొలుసు పట్టుకుని గట్ల వెంట తిరిగే చిన్న ఉద్యోగిని, పై అధికారి చేత రోజుకు రెండుసార్లయినా చీవాట్లు తినేవాణ్ణి. కానీ ఆదివారం పొద్దున బస్సెక్కి, పలాసలో బస్సు మారి, బారువకి కొద్దిగా ఇవతల ఉద్దానంలో ఉన్న మా అత్తవారి ఊళ్లో కాలు పెట్టేసరికి నా సంగతి వేరు. జీడిపూత ఎందుకు మాడుతోంది, కొబ్బరి మొవ్వులో పురుగు ఎలా చేరింది, పక్క ఊరివాళ్ల గట్టు తగాదాలో న్యాయం ఎవరిది, అన్నీ నన్నే అడిగేవారు. నేను కాదనకుండా చెప్పేవాణ్ణి. (చెప్పినవాటిలో ఎన్ని నిజమయ్యాయో నా డైరీల్లో ఉంది. దాన్ని బయటపెట్టమని ఎవరూ అడగలేదు కాబట్టి ఊరుకుంటున్నాను.)

డైరీ అన్నాను కనుక చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఒక్కరోజు మానకుండా రాస్తున్నాను. పదవీ విరమణ తర్వాత వాటిని వరసగా పేర్చి, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. తొంభై ఎనిమిదో సంవత్సరపు డైరీలో ఒక ఆదివారం దగ్గర ఈ మాటలు కనిపించాయి: "మావయ్యగారి గేరు సైకిలు పరిశీలించాను. మీట కొంచెం వదులు. బారు మీద తీగను పట్టుకునే క్లిప్పు కింద మురికి పట్టిన రబ్బరు ముక్క అనవసరంగా ఉంది. తీసి పారేశాను." చక్కని దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు. ఆ వాక్యాల మీద వేలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో డైరీలో రాయలేదు.

ఆ సైకిలు మా మావయ్యది, అంటే మా ఆవిడ తండ్రిది. ఆయన తమ్ముడు ఓడల్లో వంటమనిషి. ఏదో రేవులో పాతసామాన్ల బజారులో దాన్ని కొని, ఓడలో వేసి, విశాఖపట్నంలో దింపి, అన్నగారికి పంపించాడు. దాని వెనక చక్రం నడుమ ఉండే హబ్బు మామూలు హబ్బు కన్నా మూడింతలు లావు. మూడు గేర్లూ దాని కడుపులోనే ఉండేవి. హ్యాండిలు దగ్గర మీట నొక్కితే తీగ కదిలేది. ఆ తీగ బారు వెంట వచ్చి, ఒక క్లిప్పు దాటి, చివర అంగుళం పొడవున్న సన్న గొలుసై ఇరుసు లోపలికి దూరేది. ఒకటో గేరులో పెడలు వెన్నలా తిరిగేది. మావయ్యకి కావలసింది ఆ ఒకటో గేరే. ఆయన కొబ్బరితోట ఊరికి మైలున్నర దూరంలో, ఎర్ర ఇసుక దిబ్బ ఎక్కితే గానీ రాదు. అప్పటికే ఆయనకి ఉద్దానంలో చాలామందికి ఉన్న కిడ్నీ జబ్బు మొదలైంది. కాళ్లు వాచేవి, నాలుగడుగులు ఎత్తు నడిస్తే ఆయాసం. మామూలు సైకిలు దిబ్బ దగ్గర మొరాయించేది. ఈ సైకిలుంటే మాత్రం, తల పైకెత్తకుండా నెమ్మదిగా తొక్కుకుంటూ రోజూ పొద్దున తోటకి వెళ్లి, చెట్లను పేరుపేరునా పలకరించి, రాలిన కాయలు బారుకి రెండు వైపులా జంటలుగా వేలాడదీసుకుని దిగి వచ్చేవాడు. తోటకి తన కాళ్ల మీద తాను వెళ్లి రావడం, ఆయనకి మిగిలిన సుఖం అదొక్కటే. ఈ సంగతి నాకు అప్పుడూ తెలుసు. తెలిసే చేశాను.

ఆ ఆదివారం ఆయన మామూలుగానే, "మీట కాస్త ఆడతన్నాది బాబూ" అన్నాడు. గాలి వేస్తోంది అన్నట్టు అన్నాడు, అంతే. అల్లుడు అలాంటి మాట విని ఊరుకోగలడా? స్పానరు తెప్పించాను. మీట బిగించాను. చేయి పెట్టాక ఊరుకోవడం నా స్వభావం కాదు, కనుక క్లిప్పు విప్పి, రబ్బరు ముక్క పీకి, బారు కిరసనాయిలుతో తుడిచి, తిరిగి బిగించాను. మావయ్య ఆ రబ్బరు ముక్కను చూశాడు, నన్ను చూశాడు. ఏదో అనబోయి, "మంచినీల్లు తాగుతారేటి బాబూ?" అన్నాడు.

మళ్లీ నేను వెళ్లేసరికి ఆయన మోచేతుల నిండా గీతలున్నాయి. దిబ్బ ఎక్కుతుంటే ఒకటో గేరు పడలేదట, పెడలు ఒక్కసారిగా ఏ పట్టూ లేకుండా తిరిగిందట, మనిషి వెళ్లి మొగలిపొదలో పడ్డాడు. ఇది మా ఆవిడ చెప్పింది. ఆయన మాత్రం, "ఏటీ నేదు బాబూ, మొగలిపువ్వు కోద్దారని దిగినాను" అన్నాడు.

మా అత్తగారు అప్పట్లో నాతో నేరుగా మాట్లాడేది కాదు. తలుపు వెనక నిలబడి కూతురితో అనేది, అది నాకు వినపడేది. "సూడమ్మా, మొగలిపువ్వు కోసేవోడు సైకిలుతో సహా పొదలోకి ఎల్తాడేటి? అడుగు మీ నాన్నని."

"నువ్వూరుకోయే" అన్నాడు మావయ్య. "అల్లుడుగోరు సూత్తారు గదా."

చూశాను. తీగ వదులైందని తేల్చాను. ఇరుసు దగ్గర సన్న గొలుసుకి ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని రెండు చుట్లు తిప్పగానే తీగ బిగిసింది, ఒకటో గేరు పడింది. నేనే ఎక్కి దిబ్బ మీదికి వెళ్లి, దిగి వచ్చాను. దివ్యంగా ఉంది. "మరమ్మతు పూర్తి" అని డైరీలో రాసి కింద గీత గీశాను. మూడో రోజుకే మళ్లీ ఒకటో గేరు పోయిందని టెక్కలి వచ్చినవాళ్ల చేత కబురొచ్చింది. మళ్లీ వెళ్లాను, ఇంకో రెండు చుట్లు తిప్పాను, ఎక్కి చూశాను, దివ్యం. నేను తొక్కితే బాగుంటుంది, ఆయన తొక్కితే పోతుంది! సర్వే పనిలో మాకొక సూత్రం ఉంది. ఇద్దరి కొలతలు తేడా వస్తే గొలుసుని కాదు, గొలుసు పట్టిన మనిషిని చూడాలి. అప్పుడు డైరీలో కారణాల పట్టిక వేశాను. పదకొండు కారణాలు. మీట పన్ను అరగడం, తీగ సాగడం, ఇరుసు వంకర... ఏడోది, "వాడేవారి చేతివాటం". మిగతావన్నీ కొట్టేసి దాని చుట్టూ సున్నా చుట్టాను.

నాలుగేళ్లుగా ఆ సైకిలు తొక్కుతున్న మనిషిని నులకమంచం మీద కూర్చోబెట్టి గేరు ఎలా మార్చాలో పాఠం చెప్పాను. "మీట నొక్కేటప్పుడు పెడలు ఆపాలి మావయ్యా. తొందర పనికిరాదు." ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. "అలగే బాబూ" అన్నాడు. "నానే ఏదో పొరపాటు సేత్తన్నాను." (ఈ మాట కూడా డైరీలో ఉంది. పక్కన "ఒప్పుకున్నారు" అని రాశాను.)

టెక్కలి తిరిగి వస్తుంటే బస్సులో మా ఆవిడ అంది: "ఆడుతూ పాడుతూ ఎల్లే సైకిలండీ అది. కాస్త వదులుంటే ఉన్నాది. మీరెందుకు బిగించినారు?"

"వదులు ఉండకూడదు" అన్నాను.

"అయితే నన్ను కూడా బిగించీండి, నానూ వదులే" అని నందిగాం దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

చుట్లు తిప్పగా తిప్పగా ఆ చిన్న మర అయిపోయింది. ఇక తిప్పడానికి లేదు. అలాంటప్పుడు బుద్ధిమంతుడైతే వెనక్కి వెళ్లి మొదట ఏం ముట్టుకున్నాడో ఆలోచిస్తాడు. నేను ముందుకు వెళ్లి హబ్బు విప్పాను. అత్తవారి వాకిట్లో వార్తాపత్రిక పరిచి, ఊడదీసిన ప్రతి ముక్క కిందా నంబరు వేసి, డైరీలో బొమ్మ గీసుకుంటూ. ఇరవై మూడో ముక్క దాకా బాగానే సాగింది. ఇరవై నాలుగోది కనురెప్ప వెంట్రుకంత స్ప్రింగు. దాని బొమ్మ గీయడానికి కళ్లజోడు సవరించుకున్నాను. ఆ క్షణంలో ఎర్రకోడి ఒకటి వచ్చి, తల పక్కకి వంచి చూసి, టుక్కున పొడిచి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది. తల దించి చూస్తే ఇరవై నాలుగో అంకె మీద ఏమీ లేదు.

"ఓలమ్మో, మింగీసినాదే!" అని అత్తగారు తలుపు వెనక నుంచి బయటికే వచ్చేసింది. అల్లుడి ఎదుట ఆవిడ అలా రావడం అదే మొదటిసారి. ఎలాగూ అల్లుడొచ్చిన ఆదివారం, ఏదో ఒక కోడి చావవలసిందే. ఆ కోడినే పట్టారు. కందనకాయ కోసి, నీళ్లలో కడిగి, నలుగురం ఇత్తడి పళ్లెం చుట్టూ కూర్చుని వెతికాం. ఇసుక దొరికింది, ఒక పూస దొరికింది, గాజుముక్క దొరికింది. "స్ప్రింగు లేదు. బహుశా ఇసుకలో పడి ఉండవచ్చు. కోడి నిర్దోషి కావచ్చు" అని ఆ రోజు డైరీలో రాశాను. కూర మాత్రం బాగుంది, అదీ రాశాను.

మిగిలిన ముక్కలన్నీ గోనెసంచిలో వేసుకుని, సైకిలుని బస్సు మీదికెక్కించి పలాస వెళ్లాను. స్టేషను దారిలో ఒక సైకిలు షాపు మేస్త్రీ ఉండేవాడు. పళ్లెంలో పోసి చూపించాను. చాలాసేపు చూశాడు. "బావూ, ఇది సైకిలు కాదు, గడియారం. దీన్ని ఇప్పినోడు ఎవుడు?" అన్నాడు.

"ఎవరో" అన్నాను.

"ఆడికో దండం" అని మామూలు చక్రం ఒకటి తీసి బిగించాడు. మూడు గేర్ల సైకిలు ఒక గేరు సైకిలైంది. ఇంటికి తెచ్చాక మీటని కూడా తీసేస్తానంటే మావయ్య వద్దన్నాడు. దానికి తీగ లేదు, దేనికీ తగలదు, అయినా హ్యాండిలు మీద ఉంది. ఇప్పుడు బిగుతుగానే ఉంది, నేను బిగించిందే కదా.

ఆ తర్వాత మావయ్య దిబ్బ మొదట్లో సైకిలు ఆపి, తోసుకుంటూ ఎక్కేవాడు. "నడిత్తే ఒంటికి మంచిదే బాబూ" అనేవాడు. ఆ వానాకాలంలో రోజు విడిచి రోజు వెళ్లాడు. చలికాలానికి వారానికి ఒకసారి. తర్వాతి ఏడాది తోట కౌలుకిచ్చేశాడు. పొద్దున లేచి అరుగు మీద కూర్చుని, దిబ్బ మీంచి దిగి వచ్చేవాళ్లని, "మా మూల సెట్టు గెల దించినాదేటి? ఈదురుగాలికి ఏటైనా పడ్డాయేటి?" అని అడుగుతూ ఉండేవాడు. ఆ జబ్బు ఆయన్ని ఎటూ ఉంచేది కాదని నాకు తెలుసు. సైకిలు బాగుంటే బతికేవాడని నేననను. ఇంకో ఏడాదో రెండేళ్లో తన చెట్ల కింద తిరిగేవాడు. దాన్ని నేను పదకొండు కారణాల పట్టిక వేసి మరీ పోగొట్టాను. రెండువేల మూడులో పోయాడు.

డైరీలో ఆ వాక్యం చూశాక నేను ఊరుకోలేక అత్తవారి ఊరు వెళ్లాను. మా అత్తగారికి ఇప్పుడు ఎనభై దాటింది. తలుపు చాటు ఎప్పుడో మానేసింది. నన్ను చూడగానే, "మోకాళ్లు ఎలగున్నాయి బాబూ?" అని అడుగుతుంది. సైకిలు బారు మీద ఆ రబ్బరు ముక్క ఎవరు పెట్టారని అడిగాను.

"మరెవులు? మీ మావే. పాత ట్యూబు కోసి సుట్టినాడు. కాయలు ఏలాడదీత్తే అయి తగిలి ఆ క్లిప్పు ఎనక్కి జారిపోయేది. జారితే ఒకటో గేరు పడదు. అందుకని."

నేను తొక్కినప్పుడు ఎందుకు బాగుండేదో పాతికేళ్ల తర్వాత అర్థమైంది. అల్లుడి చేత కాయలు మోయించకూడదు కదా! ఎన్నిసార్లు దిబ్బ ఎక్కి దిగినా ఖాళీ బారుతోనే. ఆయన రోజూ కాయలతో దిగేవాడు, అవి క్లిప్పుని నెట్టేవి, తీగ వదులయ్యేది, మర్నాడు దిబ్బ దగ్గర గేరు పడేది కాదు. ఇంత చిన్న సంగతి.

"మరి ఆయనకి తెలుసు కదత్తా. నేను పీకేసినప్పుడే చెప్పవలసింది."

"నాను సెప్పమన్నాను బాబూ. మీరు పారీసిన ముక్క ఏరి సూర్లో దోపుకున్నాడు కూడాను. 'అల్లుడుగోరు అంత మనసు పెట్టి పుస్తకంలో రాసుకుంటన్నారే, మజ్జిలో సెప్తే సిన్నబుచ్చినట్టుండదేటి? ఆయనే కనిపెడతారు, సూద్దాం' అన్నాడు. మీరు కనిపెడతారు, కనిపెడతారు అని సూసినాడు."

ఆ ముక్క ఇంకా ఉందా అని అడిగాను. మిద్దె కట్టినప్పుడు పాత చూరుతో పాటే పోయిందట.

మొన్న మా అమ్మాయి, అల్లుడు విశాఖపట్నం నుంచి వచ్చారు. మా పెరటి నీళ్ల మోటారు కాస్త మోత పెడుతోందని నేనే నోరు జారాను. అరగంటలో అల్లుడు చొక్కా చేతులు మడిచి, స్పానరుతో మోటారు ముందు కూర్చున్నాడు. చేతిలో ఫోను, ఫోనులో మోటారు బొమ్మ. నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డాను. "మావయ్యగారూ, మోటారు కాలి కింద ఎవరో ట్యూబు ముక్క పెట్టారండీ. అనవసరంగా" అన్నాడు. అతను దాన్ని పీకబోతున్నాడు. నా నోట్లోకి "మంచినీళ్లు తాగుతారా బాబూ" అన్న మాట దానంతటదే వచ్చింది. గుమ్మంలోంచి మా ఆవిడ, మాట్లాడొద్దు అన్నట్టు నా వైపు చూస్తోంది.

"అది తియ్యకండి బాబూ" అన్నాను. "అది నేను పెట్టిందే. తీస్తే మోటారు పక్కకి జరుగుతుంది."

అల్లుడి ముఖం చిన్నబోయింది. స్పానరు కింద పెట్టి, చేతులు దులుపుకుని, "ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు.

నేను నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో అతనికి తెలియలేదు. గుమ్మంలో మా ఆవిడకి తెలిసింది కాబోలు, తను మాత్రం నవ్వలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.