పంపాయన గొంతు

మా క్యాథ్‌ల్యాబ్‌లో ఆయన్ని అందరూ పంపాయన అంటారు. గుండె రక్తనాళం పూడుకుపోయిన చోటికి డాక్టరు గారు సన్నని తీగ మీదుగా స్టెంటు పంపిస్తారు. బెలూన్‌ని కరుచుకుని ముడుచుకున్న ఆ లోహపు జాలీని విప్పేది మాత్రం పంపాయనే. బెలూన్‌ని ఉబ్బించే పంపు పిడి తిప్పుతూ ప్రెజర్ ఎంతకొచ్చిందో పైకి చెబుతుండాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎక్స్‌రే తగలకుండా ఒంటి మీద సీసపు ఏప్రాన్, పొద్దస్తమానం నిలువుకాళ్ల ఉద్యోగం. నడుము ఎప్పుడో చేతులెత్తేసింది.

"ఇంట్లో మా ఆవిడ ఏమడిగినా నోట్లోంచి అంకెలే వస్తున్నాయి సిస్టర్" అని నవ్వేవాడు. నవ్వడానికీ ఓపిక ఉండాలి కదా, ఈ మధ్య అదీ మానేశాడు.

ఆ రోజు నాలుగో కేసు. బల్ల మీది మనిషిని చూసి పంపాయన వెనక్కి తగ్గాడు.

"మా అన్నయ్య" అని నా చెవిలో గొణిగాడు. "పదకొండేళ్లుగా మాటల్లేవు. అమ్మకి బాలేదని కబురొచ్చినా కేసు మధ్యలో వదిలి వెళ్లలేకపోయాను. వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఇంక గడప తొక్కొద్దన్నాడు. నేనని తెలిస్తే బల్ల దిగి వెళ్లిపోతాడు, అసలే మొండిఘటం."

ఆ పూట పంపు పట్టడానికి ఇంకెవరూ లేరు. ఈ కేసుల్లో రోగి మెలకువగానే ఉంటాడు, అన్నీ వింటాడు. ముఖం దాచడానికైతే మాస్కు ఉంది. గొంతుకేముంది?

స్టెంటు చేరాల్సిన చోటికి చేరింది. పంపాయన పిడి తిప్పాడు గానీ నోరు విప్పలేదు.

"ఎంతయ్యా? గట్టిగా చెప్పు!" అని డాక్టరు గారు కసిరారు. నాకు ఒళ్లు మండింది. కానీ ప్రెజర్ ఎక్కువైతే నాళం చిరుగుతుంది, ఆయన తప్పూ లేదు.

"ఆరు... ఎనిమిది... పది... పన్నెండు."

రోగి చటుక్కున కళ్లు తెరిచాడు. తెర మీద గుండె వేగం పెరిగింది.

"కదలకండి, ఇంకో పది సెకన్లే" అన్నాడు పంపాయన, సొంత అన్నతో పరాయి మనిషిలా 'అండీ' అంటూ.

అన్నయ్య కదల్లేదు. బెలూన్ ముడుచుకుంది, స్టెంటు విచ్చుకుని నిలబడింది, నాళంలో నెత్తురు పారింది.

డాక్టరు గారు వెళ్లాక బల్ల మీంచి మాట వచ్చింది. "పొద్దున్నుంచీ ఇలా నిలబడే ఉన్నావా?"

"నాలుగో కేసు అన్నయ్యా."

"అమ్మ పోయిన రోజు కూడా ఇలాగేనా?"

పంపాయన తల ఊపాడు.

"కూర్చోరా చిన్నోడా" అన్నాడు అన్నయ్య.

ఇరవై రెండేళ్లలో ఆ గదిలో ఆయనకి ఆ మాట చెప్పినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదు. చూస్తే, కూర్చోవడానికి ఒక్క స్టూలైనా లేదు. పంపాయన ఏప్రాన్‌తోనే నేల మీద చతికిలబడి ఏడ్చాడు.